మూడు రోజులు ఆగలేని స్నానం

ముందే చెబుతున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. ఇంట్లో చిట్టెలుక కనిపిస్తే పందికొక్కు అంటాను. నాలుగు చినుకులు పడితే ముంబై హైవే మునిగిపోయిందంటాను. నేనేం చెప్పినా మా ఆవిడ నాలుగుతో భాగించుకుని వింటుంది. మీరూ అలాగే చదవండి. ఇందులో ఒక ముక్క మాత్రం పూర్తిగా కల్పన. అదేదో చివర నేనే ఒప్పుకుంటాను.

మా స్నానాలగదిలో షవర్ మూలన ఇరవై ఏళ్లనాటి గులాబీ రంగు టైల్స్ ఉండేవి. వాటి మీద పువ్వులుండేవి. తోమీ తోమీ ఒక్కో పువ్వుకు ఒక్కో రేకు మిగిల్చాం. కొత్తవి వేయించాలని మా ఆవిడ పట్టుబట్టింది. పాతవి పగలగొడితే లేచే దుమ్ము కోహీర్ జామతోటల దాకా పోతుందని నేను అడ్డం పడ్డాను. పాత టైల్స్ మీదే కొత్తవి అతికించే పద్ధతి ఉందని ఎవరో చెప్పారు. జహీరాబాద్ అంతా జల్లెడపట్టి ఆ పని తెలిసిన మేస్త్రీని పట్టుకొచ్చాను.

మేస్త్రీకి నా వయసే ఉంటుంది. వచ్చీ రాగానే పని మొదలుపెట్టలేదు. తాపీ పిడితో ఒక్కో టైల్ మీద కొట్టి, చెవి పెట్టి విన్నాడు. మా డాక్టర్ నా ఛాతీని ఏనాడూ అంత శ్రద్ధగా వినలేదు.

"సాబ్, గీ రెండు డొల్లగున్నయి. ఊడగొట్టి సిమెంట్ నింపాలె. మిగిలినయి గట్టిగున్నయి, ఫికర్ లేదు."

"రెండే గద భాయ్. ఉండనీయరాదూ?"

"కిందిదే గోడను పట్టుకోకుంటే, మీదిది దేన్ని పట్టుకుంటది సాబ్?"

ఆ రెండూ తీసి నింపాడు. మిగిలినవాటి నునుపు పోయేదాకా మిషనుతో గీశాడు. లేచిన దుమ్ము గుప్పెడే. దానికే నేను మొహానికి తువ్వాలు చుట్టుకుని బందిపోటులా తిరిగాను.

అతికించింది శుక్రవారం. మధ్యాహ్నం మేస్త్రీ మా పెరట్లో కాళ్లూ చేతులూ కడుక్కుని జుమ్మా నమాజుకు వెళ్లి, గంటలో తిరిగొచ్చాడు. ఇక చీకటి పడేదాకా కూర్చోలేదు. టైల్ వెనక జిగురు పూయడం, గోడకు నొక్కడం, మట్టం చూడడం, వెంట్రుకంత తేడా కనిపించినా పీకి మళ్లీ పెట్టడం. ఒక టైల్‌ను ముప్పై సార్లు పీకాడు. భాగించుకోండి.

పోతూ పోతూ చెప్పాడు: "సాబ్, మూడు రోజులు చుక్క నీళ్లు తగలొద్దు. మామూలు గోడైతే తడి పీల్చుకుంటది. కింద పాత టైల్ ఉన్నది, అది పీల్చదు. జిగురు నిమ్మలంగ ఆర్తది."

శనివారం పొద్దున మా ఆవిడ రాయికోడ్‌లో తన చెల్లెలి ఇంటికి బయలుదేరింది. బస్టాండుకు ఆటో ఎక్కాక కూడా తల బయటపెట్టి, "యాదికున్నది గద? పెరట్ల బకీటు పెట్టిన. గదే మీ స్నానం" అంది.

ఆదివారం పొద్దున చలి. పెరట్లో బకెట్లో చేయి పెట్టి తీసి, వేళ్లు ఐదూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకున్నాను. లోపలేమో కొత్త గోడ తెల్లగా మెరుస్తోంది. పక్కనే గీజర్. ఒక్క నిమిషం అనుకున్నాను. నలభై నిమిషాలు నిలబడ్డాను. రెండు పాటలు కూడా పాడాను. తర్వాత గోడంతా తువ్వాలుతో అద్ది, కిటికీ తెరిచి, ఆవిరి పోయేదాకా అట్టముక్కతో విసిరాను. ఇరవై ఐదేళ్ల సంసారంలో నేను అంత శుభ్రంగా చేసిన ఇంటిపని మరొకటి లేదు.

సోమవారం సాయంత్రం మా ఆవిడ తిరిగొచ్చి చెప్పులు విప్పుతుండగా షవర్ మూల నుంచి చప్పుడు. మూడు టైల్స్ జారి పడ్డాయి. ఆ చప్పుడుకు ఊరి చివర ట్రాక్టర్ ఫ్యాక్టరీలో షిఫ్టు ఆగిపోయి ఉంటుంది. పక్కింటాయన మాత్రం నిజంగానే పరుగెత్తుకొచ్చాడు. తన ఇల్లంతా కొత్త టైల్స్ పరిచే పని మా మేస్త్రీకే ఇస్తానని మూడు రోజుల కింద మాటిచ్చిన మనిషి ఆయన.

మా ఆవిడ నా మొహంలోకి చూసింది. "నీళ్లు గిట్ల పోసిన్రా?"

"నేనెందుకు పోస్త?"

అక్కడితో ఆగినా సరిపోయేది. నా నోరు ఆగదు. "శుక్రవారం గద. నమాజుకు టైమైతుందని ఆగమాగం అతికించిండు" అన్నాను.

పక్కింటాయన ఒక్క ప్రశ్న అడగలేదు. "నేను అనుకుంటనే ఉన్న అన్నా" అన్నాడు.

నేను చెప్పిన ఏ అబద్ధాన్నీ ఎవరూ అంత సులువుగా నమ్మలేదు. ఎప్పుడూ నాలుగుతో భాగించే మా ఆవిడ కూడా దాన్ని భాగించలేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. పక్కింటాయన గుమ్మంలో నిలబడ్డాడు. మేస్త్రీ పడిన టైల్‌ను తిప్పి, వెనక వేలితో రాశాడు. జిగురు దోసెపిండిలా వేలికి వచ్చింది.

"నీళ్లు తగిలినయా సాబ్?"

"లేదు భాయ్."

ఆయన షవర్ వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, నా వైపు చూడలేదు. "అచ్ఛా. అయితే నేనే ఏడనో తప్పు చేసి ఉంట" అని జిగురు కలపడానికి కూర్చున్నాడు.

"జుమ్మా రోజు పని పెట్టుకోవద్దు వదినా" అని పక్కింటాయన మా ఆవిడతో మెల్లగా అన్నాడు. మెల్లగా అంటే, మేస్త్రీకి వినిపించేంత. గోడ మీద మేస్త్రీ చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ నొక్కింది. మూడూ పెట్టి, మా ఆవిడ తెచ్చిన చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే పక్కింటాయన మేస్త్రీకి ఫోన్ చేసి తన ఇంటి పని వద్దని చెప్పేశాడు.

ఆ గోడ ఇప్పుడు రాయిలా ఉంది. దాని ముందు నేను ఒంటికి సబ్బు సరిగా రుద్దుకోలేకపోయాను. పది రోజులు చూసి, ఒక పొద్దున పక్కింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను: "నీళ్లు పోసింది నేను. ఆయన గంటలనే వచ్చిండు, చీకటి పడేదాంక చేసిండు. నమాజు మాట నేనే పుట్టించిన." పక్కింటాయన తల దించుకుని అప్పటికప్పుడే మేస్త్రీకి ఫోన్ కలిపాడు. ఆయన అటునుంచి నవ్వి, "జానే దో సాబ్" అన్నాడు.

ఒప్పుకుంటానన్నది ఇదే. ఆ పొద్దున జరిగిందని పైన చెప్పినదాంట్లో పక్కింటి గేటు దాకా వెళ్లడం ఒక్కటే నిజం.

"ఏమన్నా, పొద్దుగాల్నే గిట్లొచ్చినవ్?" అన్నాడాయన.

నిచ్చెన కావాలన్నాను. మా ఇంట్లో నిచ్చెన ఉంది. అయినా ఇచ్చింది మోసుకొచ్చి గోడకు ఆనించాను.

ఇప్పుడు వాళ్లింట్లో వేరే మేస్త్రీ ముందుగదిలో పని చేస్తున్నాడు. వెనక రెండు గదులు ఇంకా మొదలుపెట్టలేదు. నిచ్చెన తిరిగి ఇవ్వడానికి ఎలాగూ వెళ్లాలి.