బిర్యానీ మూతల గ్రీకు సైన్యం

బిర్యానీ వండే డేగ్‌ల మూతలకు బంగారు రంగు పూసి, వాటితో గ్రీకు సైన్యాన్ని నిలబెట్టిన మనిషి నల్లగొండ పట్నంలో నేను కాక ఇంకెవరైనా ఉంటే వచ్చి నా ముందు కూర్చోమనండి. 2018 వేసవిలో ఆ ఘనకార్యం చేసింది నేనే. ఎనిమిది డాళ్లు చేయించాల్సిన చోట ఒక్క మేకు కొట్టించకుండా పని గడుపుకున్నాను. ఆ తెలివికి రెండు రోజుల పాటు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

గడియారం చౌరస్తా దగ్గరి ఒక సందులో మాది డ్రెస్ కిరాయి దుకాణం. ఒక పాత్రకు తల నుంచి కాలి దాకా కావలసిన బట్టలన్నీ కలిపి మా భాషలో ‘సెట్’. చేతిలో పట్టుకునే గద, విల్లు, కత్తి, డాలు ‘ప్రాపర్టీ’. సెట్ ఉతికితే మళ్లీ కిరాయికి పోతుంది. ప్రాపర్టీ విరిగితే అంతే సంగతులు. అందుకే మా వ్యాపారంలో ఎవరూ ప్రాపర్టీ మీద చేయి విప్పరు. నా సంగతి ఇంకా అన్యాయం. మా బాపు రామన్నపేటలో గిన్నెల దుకాణం నడిపేవాడు. ఒకే గిన్నెను వచ్చినవాళ్ల ముఖం చూసి మూడు పేర్లతో అమ్మేవాడు. నేను చదివిన పెద్ద చదువు అదే.

మే నెలలో స్కూళ్ల సీజన్ అయిపోయి ఉంటుంది. చెమట వాసన కొట్టే ఋషుల గడ్డాలు ఉతికి ఆరేసి, మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్న మధ్యాహ్నం రజియా మేడం వచ్చింది. ఊళ్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్పేది. ముప్పై ఐదేళ్లు ఉంటాయి. ఎండకు ముఖం ఎర్రబడి ఉంది.

“సరోజక్కా, ఎనిమిది మంది గ్రీకు సైనికులు కావాలె,” అంది.

విషయం చెప్పింది. ఇంటర్ పాసైన పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను పిలిచి కాలేజీ చూపించే రోజు ఒకటి పెట్టారట. హిస్టరీ సెక్షన్‌లో ఆ ఏడాది పదిహేను మంది చేరకపోతే సెక్షన్ మూసేస్తామని యాజమాన్యం ముందే చెప్పింది. సెక్షన్ పోతే ఆమె ఉద్యోగమూ పోతుంది.

“పోరగాండ్లకు హిస్టరీ అంటె పుస్తకం గాదు, యుద్ధం చూపిస్త రాన్రి అని చెప్పిన. రెండు సీన్లు. మొదటిది సినిమాల చూపించే గ్రీకు యుద్ధం. రెండోది నిజంగ జరిగిన తీరు.”

“సినిమా తీరు నాకెరికే మేడం. టీవీల తెలుగుల మాట్లాడుకుంట వస్తయి గద. ఒంటి మీద అంగీ ఉండది, ఎనక ఎర్ర గుడ్డ. ఎగిరి నరుకుడు.”

“గదే. హీరో కండలు కనబడాలె గనక ఛాతీ మీద ఏమీ వెయ్యరు. నిజంగ గట్ల పోతే మొదటి ఈటెకే పోతడు. అసలు సైనికునికి ఛాతీకి కవచం, కాళ్లకు రేకులు, తలకు టోపం. ఎగురుడు ఎక్కడిది?”

నేను కాగితం మీద లెక్క వేస్తూనే వింటున్నాను. “ఎర్ర గుడ్డలకు కిరాయి మనిషికి వంద. ఛాతీలకు కిరాయి లేదు, అవి వాళ్లవే.”

ఆమె నవ్వింది. బేరంలో ఎదుటివాళ్లు నవ్వితే సగం గెలిచినట్టే. రెండో సీనుకు మా దగ్గర గుడ్ ఫ్రైడే నాటకాలకు ఇచ్చే రోమన్ సైనికుల సెట్లు ఉన్నాయని చెప్పి, తెచ్చి ముందర పెట్టాను. టోపాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“రోమన్‌కు, నేను చెప్పే యుద్ధానికి అయిదు వందల ఏండ్ల తేడా ఉందక్కా.”

“నల్లగొండల ఆ అయిదు వందల ఏండ్లు ఎవరు లెక్కపెడ్తరు మేడం?”

“సరే, టోపం కాడ రాజీ పడ్త. డాలు కాడ మాత్రం పడ.”

నా చేతిలో కాగితం తీసుకుని వెనుక వైపు ఒక గుండ్రం గీసింది. నడిమిట్లో ఒక పట్టీ, అంచుకు ఒక పిడి. “ఎడమ చెయ్యి ఈ పట్టీలకెల్లి మోచేయి దాక పోవాలె. పిడికిలి అంచు కాడ పట్టుకోవాలె. అప్పుడు సగం డాలు నన్ను కాపాడ్తది. మిగిలిన సగం బయటికి వచ్చి నా ఎడమ పక్కోన్ని కాపాడ్తది. నా కుడి పక్క నా దోస్తు డాలు కింద ఉంటది. సినిమాల హీరో వరుస ఇడిసి ముందుకురుకుతడు గద, నిజంగ గట్ల ఉరికితే పక్కోడు చస్తడు. ఇదొక్కటి కండ్లతోని చూస్తె చాలు, వాళ్లకు సినిమాకూ చరిత్రకూ తేడా తెలుస్తది.”

“పిడి లోపటి దిక్కుంటది. చూసేటోళ్లకు కనబడదు మేడం.”

“కనబడదు. కాని యుద్ధమంతా అండ్లనే ఉంది.”

డాలుకు ఆరు వందల చొప్పున ‘స్పెషల్’ అని ఒప్పించాను. మొత్తం ఎనిమిది వేలు, అడ్వాన్సు అయిదు. ఆమె పోయాక వడ్రంగి పనిచేసే అతన్ని అడిగితే ప్లైవుడ్ కోసి పట్టీలు కొట్టడానికి ఒక్కోదానికి నాలుగు వందల యాభై అన్నాడు. ఒక్కరోజు ప్రాపర్టీకి అంత ఎవరు పెడతారు? ఎదురుగా ఉన్న టెంట్‌హౌస్‌లో డేగ్ మూతలు ఎండలో బోర్లించి ఉన్నాయి. గుండ్రంగా, వెడల్పుగా. మూతకు ఎనభై రూపాయలు కిరాయి. నడుమ కడ్డీ పిడి ఎటూ ఉండనే ఉంది. కడిగితే పోయే రంగు కొని పూయించాను. బాపు బతికి ఉంటే వీపు తట్టేవాడు.

మా దగ్గర ఇంకో అలవాటు ఉంది. ప్రాపర్టీని ఆట రోజు పొద్దుటి దాకా చేతికివ్వం. ముందిస్తే రిహార్సల్లోనే విరగ్గొడతారు. ఆ అలవాటు ఇన్నేళ్లు నన్ను కాపాడింది. ఆ రోజు ఆమెను ముంచింది.

ఆటకు గంట ముందు కాలేజీలో ఆటో దిగాను. రజియా మేడం మూతను చేతిలోకి తీసుకుంది. తిప్పింది. పిడిని చూసింది.

“అక్కా, ఇది మూత.”

“గ్రీకులు గూడ అన్నం వండుకునే ఉంటరు గద మేడం,” అన్నాను.

ఆమె పిల్లలను పిలిచి వరుసలో నిలబెట్టింది. వాళ్లు వారం రోజుల నుంచి అట్టముక్కలకు తాళ్లు కట్టుకుని, మోచేయి దాకా చేయి దూర్చి సాధన చేసినవాళ్లు. మూతను నడుమ పట్టుకుంటే అది ఎవరిది వాళ్లకే అడ్డం. పక్కవాడి దాకా రావడం లేదు. పైగా బరువంతా మణికట్టు మీద పడి మూత కిందికి వాలిపోతోంది.

“మేడం, గిది పట్టుకుని సద్ది బువ్వకు పోవుడే,” అన్నాడు ఒకడు. మిగిలినవాళ్లు నవ్వారు. ఆమె నా వైపు చూసింది.

వాచ్‌మన్ దగ్గర ఒక మేకు, ఒక ఇటుక అడుక్కున్నాను. నేల మీద చతికిలబడి మూత అంచుకు రెండు చిల్లులు కొట్టి, సంచి అడుగున ఉన్న పాత తలపాగా బట్టను చింపి పిడిలా కట్టాను. నడిమి కడ్డీ చుట్టూ ఇంకో పేలికను మోచేతికి పట్టీలా చుట్టాను. ఒక్కో మూతకు చాలా సేపు పట్టింది. మోకాళ్లు పట్టేశాయి. మూడు మూతలయ్యేసరికి గంట కొట్టారు.

మొదటి సీనుకు హాలు దద్దరిల్లింది. ఎర్ర గుడ్డలు, ఛాతీలు, ఈటెలు, పల్టీలు. ఈలలు ఆగలేదు. రెండో సీనులో ఎనిమిది మంది కవచాలేసుకుని ఈటెలతో వరుసగా నిలబడ్డారు. కుడి చివర ముగ్గురి డాళ్లు ఒకదాని మీద ఒకటి పెంకుల్లా కప్పుకున్నాయి. మిగిలిన అయిదుగురి మధ్య మనిషి దూరేంత సందు. నాలుగడుగులు వేశారో లేదో, ఒకడి చేతిలో మూత జారి, స్టేజీ దిగి, దొర్లుకుంటూ ముందు వరుసలో కుర్చీల కిందికి పోయింది.

“బిర్యానీ ఎప్పుడు పెడ్తరు?” అని ఎవడో అరిచాడు. ఇక అంతే.

రజియా మేడం మైకు తీసుకుంది. “ఆ చివర ముగ్గురిని చూడున్రి. ఒక్కసారి ఆ ముగ్గురినే చూడున్రి,” అంటూనే ఉంది. నవ్వుల్లో ఆ మాట ఎవరికి వినబడిందో తెలియదు. నేను మాత్రం పక్క తెర చాటు నుంచి చూశాను. ఆ ముగ్గురి మధ్య వెలుతురు కూడా దూరడం లేదు. ఆమె కాగితం మీద గీసింది అప్పుడు అర్థమైంది నాకు.

మూడు వారాల తరువాత బాకీ మూడు వేలు పట్టుకుని ఆమె దుకాణానికి వచ్చింది.

“ఎందరు చేరిన్రు మేడం?”

“తొమ్మిది మంది. సెక్షన్ తీసేసిన్రు. మహబూబ్‌నగర్‌ల ఒక స్కూల్ల చూసుకున్న, జూన్ల పోతున్న.”

నేను ఏదో అనబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది. “మూతల వల్లనే అనను అక్కా. నిరుడు గూడ పన్నెండు మందే. కాని ఆ వరుస ఒక్కపారి నిలబడి ఉంటె ఎట్లుండేదో అని మనసుల కొట్టుకుంటది. బిల్లియ్యి, కాలేజీల చూపించాలె.”

రాసి పెట్టుకున్న బిల్లు ఇచ్చాను. చదివి వెనక్కి ఇచ్చింది.

“స్పెషల్ డాళ్లు ఎనిమిది అని రాసినవ్. గ్రీకు సెట్లు అని రాసినవ్. కింద నా సంతకం ఉంటది. ఏం ఇచ్చినవో గదే రాయి. సినిమావాళ్లను తిట్టుకుంట నేను గిదెట్ల పట్టుకపోవాలె?”

ఇప్పుడు ఎవరైనా గిరాకి కాగితం మీద గీసి చూపిస్తే, ముందు ఒక నమూనా చేయించి, ఆటకు వారం ముందే వాళ్ల చేతికిస్తున్నాను. వాళ్లు పట్టుకుని చూసి సరే అన్నాకే మిగిలినవి. లాభం తక్కువ, తిరుగుడు ఎక్కువ. ఆ రోజు ఆమె తెచ్చిన మూడు వేలు ముట్టకుండా కొత్త కాగితం తీసి మళ్లీ రాశాను. చిల్లులు పడిన మూడు మూతలకు టెంట్‌హౌస్‌కు కట్టిన డబ్బు నాదే గనక అందులో రాయలేదు.

ఎర్ర గుడ్డలు, ఎనిమిది: ఎనిమిది వందలు.
రోమన్ సైనికుల సెట్లు, ఎనిమిది: రెండు వేలు.
ఈటెలు, ఎనిమిది: నాలుగు వందలు.
డేగ్ మూతలు, ఎనిమిది: ఆరు వందల నలభై.
మూతలకు రంగు: నూట ఎనభై.
మొత్తం నాలుగు వేల ఇరవై. ముట్టిన అడ్వాన్సు అయిదు వేలు. వాపసు ఇచ్చింది తొమ్మిది వందల ఎనభై.