జానెడు ఎత్తి ఆగే పాఠం

ఉదయం ఆరున్నరకి తునిలో ప్యాసింజరు ఎక్కాను. ఈ ప్రయాణానికి కారణం మా బావగారు వీర్రాజు చేసిన ఫోను. "బావా, మిషను నా శిష్యురాలికి మార్కులు కోసేస్తోంది. ఎందుకు కోస్తోందో నాకు అంతుపట్టడం లేదు. రేపే పరీక్ష. లెక్కలు తెలిసినవాడివి, ఓసారి వచ్చి చూడు" అన్నారు.

నేను చదివింది పదో తరగతి. ఇళ్ళు కట్టేవాళ్ళకి ఇటుక, ఇసుక, ఇనుము ఎంత పడతాయో అంచనా వేసి ఇస్తుంటాను. అది ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు, చేస్తూ చేస్తూ పట్టుబడింది. బావగారు మా అక్కయ్య భర్త. వయసులో ఉండగానే గోదావరి జిల్లా వదిలి వచ్చి విశాఖ పోర్టులో క్రేను ఆపరేటరుగా చేరారు. రిటైరయ్యాక ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో క్రేను నడపడం నేర్పుతున్నారు. అయితే అక్కడ క్రేను లేదు. కుర్చీ, రెండు లివర్లు, చుట్టూ తెరలు ఉన్న సిమ్యులేటర్ ఉంది.

ఎడమవైపు కిటికీ దొరికింది. అటు వెళ్ళేవాళ్ళు ఆ వైపే కూర్చోండి, ఎండ పడదు, కొండలు కనిపిస్తాయి. యలమంచిలిలో ఎక్కిన ఒకాయన నా పక్కన సర్దుకుని, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని ఫోనులో వెల్డింగు పాఠం చూడటం మొదలుపెట్టాడు. దువ్వాడలో దిగి స్టీల్‌ప్లాంటులో డ్యూటీకి వెళ్తాడట. ఫోనులో పాఠం బుర్రకెక్కుతుందా అని అడిగాను.

"ఈ ఫోన్లో మేస్టారు ఆపితే ఆగుతాడు బాబూ, మళ్ళీ సెప్పమంటే ఇసుక్కోకుండా సెప్తాడు. మా సూపర్‌వైజరు కాడ ఆ పప్పులుడకవు" అని నవ్వాడు.

విశాఖలో దిగేసరికి తొమ్మిదైంది. స్టేషను బయట సిటీ బస్సెక్కి పాత పోస్టాఫీసు దగ్గర దిగాను. బావగారు స్కూటరుతో సిద్ధంగా ఉన్నారు. పూర్ణా మార్కెట్ పక్క సందులో ఇడ్లీ, అల్లం చట్నీ తిన్నాం. వేడి ఇడ్లీ కావాలంటే పది లోపే వెళ్ళాలి, ఆ తరువాత గిన్నెలు కడిగేస్తారు.

శిక్షణ కేంద్రం పోర్టు రోడ్డు మీద ఒక మేడ పై అంతస్తు. లోపల ఏసీ చల్లదనం. సిమ్యులేటర్ కుర్చీలో శిష్యురాలు నూకరత్నం సాధన చేస్తోంది. జాలరిపేట అమ్మాయి, ఇరవై ఆరేళ్ళు ఉండొచ్చు. తల్లి చేపలమ్ముతుంది, తండ్రి వేటకి వెళ్తాడు. మధ్యాహ్నం పరీక్షలో అరవై మార్కులు వస్తే కంటైనర్ యార్డులో ట్రైనీగా తీసుకుంటారు. రాకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

తెర మీద ఒక లారీ, దాని మీద కంటైనరు పెట్టె. పైనుంచి ఇనుప చట్రం దిగి పెట్టె నాలుగు మూలలూ పట్టుకుంది. నూకరత్నం పెట్టెను జానెడు ఎత్తి ఆగింది. అటూ ఇటూ చూసి, అప్పుడు పైకి లేపి దొంతర మీదికి చేర్చింది. అలా పది పెట్టెలయ్యాక మార్కు పడింది. యాభై నాలుగు.

"పొద్దున్నుంచి ఇదే. మార్కులన్నీ టైము కింద పోతున్నాయి. ఆ టైము ఎక్కడ పోతోందో తెలియడం లేదు" అన్నారు బావగారు.

తెర మూలలో గడియారం కనిపిస్తూనే ఉంది. జానెడు ఎత్తి ఆగిన ప్రతిసారీ నాలుగు సెకన్లు పోతున్నాయి. కేంద్రంలో కంప్యూటరు చూసే మౌనికని అడిగి, సెకనుకి ఎంత కోత పడుతుందో తెలుసుకుని లెక్క కట్టాను. "బావగారూ, ఆ ఆగడం మానేస్తే అరవై మూడు వస్తాయి" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. "అది మానేది కాదు బావా. కంటైనరు లారీ బల్లకి నాలుగు పిన్నులతో బిగించి ఉంటుంది. డ్రైవరు కంగారులో ఒక పిన్ను విప్పడం మర్చిపోతాడు. నువ్వు ఆగకుండా ఎత్తావో, పెట్టెతో పాటు లారీ లేస్తుంది. లారీలో మనిషి ఉంటాడు. జానెడు దగ్గర ఆగితే తెలిసిపోతుంది, దించేయొచ్చు."

"మాస్టారూ, ఇది బొమ్మ లారీ. దీనికి పిన్నూ లేదు, డ్రైవరూ లేడు" అంది నూకరత్నం.

"బొమ్మ లారీ దగ్గర ఆగని చెయ్యి నిజం లారీ దగ్గర ఆగుతుందా అమ్మా?"

"ఆగదనుకోండి. కానీ ఇయ్యాల పోతే నాకు నిజం లారీ దొరికేదెప్పుడు?"

నాకైతే ఆ అమ్మాయి మాటే సబబనిపించింది. ముందు పాసవ్వనీ, అలవాటు యార్డులో చేసుకుంటుంది అని మెల్లగా అన్నాను కూడా. బావగారు కిటికీ వైపు తిరిగి, కింద క్యూ కట్టిన లారీలను చూస్తూ నిలబడ్డారు. ఆ వీపు చూసి నూకరత్నం కుర్చీలో కాస్త ముడుచుకుంది. తరువాత మౌనికని పిలిచి, "ఇందాకటిది మళ్ళీ ఎయ్యమ్మా, పైనుంచి కనిపించేలా" అంది.

మిషను ఆ అమ్మాయి పనినే మళ్ళీ తెర మీద ఆడించింది, గద్ద ఎగురుతూ చూస్తున్నట్టు. ఆగడం దగ్గర పోయింది కొంచెమే. దించే చోట పెట్టె ఉయ్యాలలా ఊగుతోంది. అది సద్దుమణిగేదాకా నూకరత్నం లివరు అటూ ఇటూ లాగుతూనే ఉంది. అసలు టైమంతా అక్కడ కారిపోతోంది. నేను గడియారాన్ని చూశాను గానీ పెట్టెను చూడలేదు.

"ఒడ్డు దాకా ఇంజిను ఆపకుండా తెత్తన్నాను" అంది తనలో తను. మాకు అర్థం కాలేదని గమనించి చెప్పింది. "మా అయ్య ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే ఇంజిను ఆపేత్తాడు. పడవ దాని ఊపు మీదే వచ్చి ఇసక మీద కూసుంటాది. నాను పెట్టెని సోటు మీదికి జోరుగా తెచ్చి గబుక్కున ఆపుతన్నాను."

"రెండు నెలలుగా కుదురుగా తీసుకురా, కుదురుగా తీసుకురా అని మొత్తుకుంటున్నది దాని గురించే" అన్నారు బావగారు.

"కుదురంటే ఏటో ఇప్పుడు కనబడ్డాది మాస్టారూ. మీ అరుపులో కనబడలేదు."

బావగారు నవ్వేశారు. పన్నెండు దాకా ముందుగానే లివరు వదలడం సాధన చేయించారు. భోజనానికి మమ్మల్ని లేవనివ్వలేదు, మౌనిక తెప్పించిన పులిహోర పొట్లాలు అక్కడే తిన్నాం.

పరీక్ష రెండున్నరకి. యార్డు తరఫున వచ్చిన అధికారి వెనక కుర్చీలో కూర్చున్నాడు. మొదటి పెట్టె పట్టుకోగానే నూకరత్నం ఆగుతుందా లేదా అని నేను ముందుకి వంగాను. జానెడు ఎత్తింది. ఆగింది. బావగారు ఊపిరి వదలడం వినిపించింది. నాలుగో పెట్టె కాస్త ఊగి బోలెడు టైము తినేసింది. మిగిలినవి ఒక్కొక్కటీ తిన్నగా వచ్చి కూర్చున్నాయి. ప్రతి పెట్టె దగ్గరా ఆగింది. చివరికి తెర మీద అరవై రెండు పడింది.

నూకరత్నం వెంటనే తల్లికి ఫోను చేసింది. "అమా, పాసైపోనాను. ఏటి? బుట్టలో ఇంకా సేపలున్నాయా? అయితే అమ్మీసే రా, నాను ఎక్కడికీ పోను."

వెళ్తున్న అధికారికి అడ్డం వెళ్ళి బావగారు ఒక కోరిక కోరారు. "ఈ బొమ్మ లారీకి అప్పుడప్పుడు ఒక పిన్ను విప్పడం మర్చిపోయేలా చెయ్యండి సార్. అప్పుడు ఎందుకు ఆగాలో నేను చెప్పక్కర్లేదు."

అధికారి మౌనిక వైపు చూశాడు. మౌనిక మెనూలు వెతికి, "ఆ సెట్టింగు ఇందులో ఉంది సార్. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు" అంది. రేపటి నుంచి పెట్టమన్నాడు.

సాయంత్రం స్కూటరు మీద పెందుర్తిలో బావగారింటికి వెళ్ళాం. ఆ వేళప్పుడు దారంతా రద్దీ, గంట పైనే పట్టింది. అక్కయ్య నెత్తళ్ళ చేపల పులుసు చేసింది. బావగారు రెండుసార్లు అన్నం కలుపుకున్నారు. "నెల తరవాత ఇయ్యాలే ఈయన మారు వడ్డించుకోడం" అంది అక్కయ్య.

మర్నాడు ఉదయం తిరుగు బండి. అనకాపల్లి దాటాక బావగారి ఫోను వచ్చింది. వెనక గలగలా నవ్వులు వినిపిస్తున్నాయి.

"బావా, పొద్దున్నే మౌనిక ఆ సెట్టింగు పెట్టింది. కొత్త బ్యాచ్‌కి చూపిద్దామని నేనే కుర్చీలో కూర్చున్నాను. లారీ లేపేశాను."

"మీరా? ఆగలేదా?"

"ఆగాను. నిజం క్రేనులో పిన్ను ఇరుక్కుంటే కుర్చీ కింద అదురు తెలుస్తుంది. దాని కోసం చూస్తూ కూర్చున్నాను. ఈ కుర్చీ అదరదాయె. బాగానే ఉందనుకుని ఎత్తేశాను."

నూకరత్నం ఫోను లాక్కుంది. "పాసైన కాయితాలు తీసుకుందామని వచ్చేను బాబుగారూ, మంచి టైముకే వచ్చేను. ఇందులో అదురు ఉండదు, పక్క తెరలో టైర్ల కింద నీడ సూడాలి. నీడ జరిగిందంటే లారీ లెగుత్తన్నట్టు. మాస్టారికి నేర్పుతన్నాను. రెండోసారి కూడా లేపేసేరు."

నేను పకపకా నవ్వేసరికి ఎదుటి సీట్లో వాళ్ళు తలెత్తి చూశారు. బావగారు మళ్ళీ ఫోను అందుకుని, "ఉంటాను బావా, ఇంకోసారి ఎక్కాలి. పిల్లలు చూస్తున్నారు" అని పెట్టేశారు.

చూడవలసిన బీచీ కొండా ఏవీ చూడకుండానే ఈసారి విశాఖ నుంచి తిరిగి వచ్చాను. లోటుగా అనిపించలేదు. అరవై దాటిన మనిషి తనకి బాగా తెలిసిన పనిని కొత్త కుర్చీలో మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటున్నాడు, ఆ గొంతులో నామోషీ ఏమీ లేదు. నర్సీపట్నం రోడ్డు స్టేషనులో టీ తాగాను. తునిలో దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు.