మా డ్రమ్ములోంచి ఎర్రనీళ్లు

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, ఆగలేకపోతున్నాను. నేను పాసయ్యాను! మా ఇంటి గుమ్మం దాటి డిగ్రీ పట్టా అనేది లోపలికి రావడం ఇదే మొదలు. పాలాయనకి చెప్పాను, చీపురుపల్లి స్టేషన్లో టిక్కెట్లిచ్చే ఆయనకి చెప్పాను. గరివిడి నుంచి ఎవరో పెద్దాయన రాంగ్ నంబరు చేస్తే ఆయనకీ చెప్పాను. "శానా సంతోసం తల్లీ, మరి నా గేసు బండ ఎప్పుడొస్తాది?" అన్నాడు పాపం.

ఈ పట్టా అంతా ఆల్చిప్పల మీదే నిలబడింది. సముద్రం ఒడ్డున లోపలి మాంసం తీసుకుని చిప్పల్ని కుప్పలుగా పారేస్తారు. వాటిని తెచ్చి, ఇసుకా గులకరాళ్లతో కలిపి ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో పొరలు పొరలుగా వేస్తే, పైన పోసిన అంట్లనీళ్లు కింద కుళాయిలోంచి తేరుకుని వస్తాయి. ఆ నీళ్లతో పెరట్లో బీరపాదు బతకాలి. ఎండలు ముదిరితే మా బోరు నీళ్లకి బదులు దగ్గుతుంది కాబట్టి ఈ ఆలోచన నాకు మహా గొప్పగా తోచింది. చివరి ఏడాది ప్రాజెక్టు ఇదే అని కాలేజీలో చెప్పేశాను. ఇది పోతే డిగ్రీ కూడా దాంతోపాటే పోతుంది.

నాన్నా నేనూ శ్రీకాకుళం దాటి సముద్రం దాకా వెళ్లి, గోనెసంచుల నిండా చిప్పలేసుకుని బస్సెక్కాం. బస్సు కదిలాక వాసన కూడా కదిలింది. కండక్టరు తువ్వాలు ముక్కుకి చుట్టుకుని వచ్చాడు.

"ఏటి బావూ, సంచిలో ఏటున్నాది?"

"సదువు," అన్నాడు నాన్న గర్వంగా. "మా పిల్ల సదువు."

"సదువు ఇంత కంపు కొడతాదేటి? టెన్తులో ఆపీసి నాను మంచిపనే సేసినాను."

ఇంటికి చేరగానే అమ్మ చిప్పల్ని కడగడం మొదలెట్టింది. బిందె మీద బిందె గుమ్మరించేస్తోంది.

"అమ్మా, ఇది నీళ్లు మిగిల్చే ప్రాజెక్టే!"

"మిగుల్సుకో, ఎవులొద్దన్నారు? ముందు ఈ కంపు ఒగ్గనీ."

సాయంత్రానికి బోరు దగ్గడం కూడా మానేసింది. కంపు మాత్రం అలాగే ఉంది. ఇక లాభం లేదని సగం చిప్పల్ని పిడకల మంటలో వేసి కాల్చేశాను. తెల్లగా, పెళుసుగా తేలాయి. ఆ సగం, ఈ సగం కలిపి డ్రమ్ములో వేశాను. నీళ్లు చక్కగా తేరుకుని వచ్చాయి. బీరపాదుకి పోశాను, అదీ ఏమీ అనలేదు.

మా మామ్మని మాత్రం మర్చిపోయాను. మామ్మంటే నాన్న తల్లి. మా ఇంట్లోకి కొత్త వస్తువేది వచ్చినా ఆవిడ పసుపు రాసి బొట్టు పెట్టాకే అది పనిచెయ్యాలి. బండికి పెట్టింది, మిక్సీకి పెట్టింది, నా ఫోనుకీ పెట్టింది. ఛార్జింగు కన్నంలో ఇప్పటికీ కుంకుమ ఉంది.

ఇసుకతో నిండిన డ్రమ్ముని కాలేజీకి మొయ్యలేం కదా, మార్కులు వెయ్యడానికి మా మేడమే స్కూటీ మీద మా ఊరొచ్చారు. అమ్మ పొద్దున్నించీ అంట్లనీళ్లు పారబొయ్యకుండా దాచింది. వాటిని డ్రమ్ములో పోశాను. అందరం కుళాయి చుట్టూ వంగాం. తిప్పాను.

ఎర్రనీళ్లు! బొటబొటా, ఎర్రగా!

"ఓలమ్మో, డ్రమ్ముకి దెబ్బేటైనా తగిలిందేటే?" అన్నాడు నాన్న.

మామ్మ మాత్రం చప్పట్లు కొట్టింది. "సూసినారా! దిష్టినీళ్లు దానంతటదే కలిపీసింది!"

"మామ్మా, ఏటి సేసినావు?"

"ఏటి సేస్తాను? పసుపు రాద్దామంటే ఆ పలాస్టిక్ మీద నిలబడి సావనేదు. జారిపోతన్నాదని మూత తీసి లోపలే ఏసీసినాను, గుప్పెడు."

మేడమ్ పెన్ను తీశారు. "నీళ్లు ఎందుకు ఎర్రబడ్డాయో చెప్పమ్మా."

డిగ్రీ కళ్లముందే స్కూటీ ఎక్కి వెళ్లిపోతున్నట్టు అనిపించింది. ఈలోగా మామ్మ పళ్లెంలో ఆ నీళ్లే పట్టి మేడమ్ చుట్టూ తిప్పడం మొదలెట్టింది.

"కదలకు తల్లీ. ఒక్కద్దానివే బండేసుకుని వొచ్చినావు, ఊరి కళ్లన్నీ నీ మీదే ఉన్నాయి."

మేడమ్ కదల్లేదు. పెన్ను పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంచి, "చెప్పమ్మా," అన్నారు మళ్లీ.

తిరుగుతున్న పళ్లెం చూస్తుంటే బుర్ర వెలిగింది. చిన్నప్పట్నుంచీ నాకు అలాంటి పళ్లెం ఎన్నిసార్లు తిప్పారో!

"పసుపుకి సున్నం తగిలింది మేడమ్! చిప్పలు కాలిస్తే అయ్యేది సున్నమే కదా. అంటే నా డ్రమ్ము నీళ్లలోకి సున్నం వదుల్తోంది. పాదుకి మంచిది కాదు. కాల్చినవి తీసేసి పచ్చి చిప్పలే వెయ్యాలి."

"ఈ పసుపు పడకపోతే నీకు తెలిసేదా?"

"తెలిసేది కాదు మేడమ్."

"అయితే అది కూడా రిపోర్టులో రాయి," అన్నారు. అప్పుడు నవ్వారు. నవ్వడం మొదలెట్టాక ఆపుకోలేక బీరపందిరి పట్టుకున్నారు.

కాల్చిన చిప్పలు తీసేశాను. కంపు తిరిగొచ్చింది, నీళ్లు తేటగా వచ్చాయి, నేను పాసయ్యాను. దిష్టి తీయబట్టే మార్కులు పడ్డాయని మామ్మ వీధంతా చెప్పుకొచ్చింది. ఎవరూ కాదనలేదు, నేను కూడా.

నిన్న పట్టా చేతికొచ్చింది. ప్లాస్టిక్ కవరు తొడిగించేలోపే, "ఓపాలి ఇలాగియ్యే, సూసి ఇచ్చెత్తాను," అంది మామ్మ. ఇచ్చాను. అది నా చేతికి తిరిగొచ్చేసరికి మూల మీద వేలంత పసుపు. అమ్మ లబోదిబోమంటూ తడి సబ్బుగుడ్డ తెచ్చి రుద్దింది. మరక పోలేదు సరికదా, ఎర్రగా మారి కూర్చుంది.

మామ్మ దాన్ని కాసేపు పరకాయించి చూసి నా వైపు తిరిగింది.

"ఎందుకు ఎర్రబడిందో సెప్పు మరి. డిగ్రీ సదివినావు కదా!"