కాస్టిక్‌లో నానిన పల్లకి కర్ర

జనగామ స్టేషన్‌కు ఉదయం ఆరు నలభైకి పాసింజరు వచ్చింది. నా దగ్గర ఒక చేతిసంచి, పద్నాలుగు అడుగుల టేకు కర్ర ఉన్నాయి. సంచితో ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

ఆ కర్ర మా ఊరి స్వామి పల్లకిది. మా ముత్తాత చేయించి ఇచ్చాడు. భూములు, గడి, గుర్రాలు అన్నీ పోయాక మా ఇంటికి మిగిలిన గౌరవం ఒక్కటే. ఉత్సవం నాడు ఆ కర్ర ముందు కొస మా ఇంటివాడి భుజం మీద ఉంటుంది. ఈసారి దాని మీద పేరుకున్న పాత పెయింటు తీయించాలనుకున్నాను. కాస్టిక్ సోడా నీళ్లు గుడ్డతో పూసి వెంటనే కడిగేస్తే చాలని, డబ్బా ఒకటి తెమ్మని వడ్రంగి చెప్పాడు. మా ఇంటి కర్రకు ఒక్క డబ్బానా అని నేను మూడు తెప్పించి, తొట్టిలో పోయించి, రెండు రోజులు నానబెట్టించాను. తొట్టి పొట్టిది కాబట్టి ఇత్తడి తొడుగున్న ముందు కొస మాత్రం బయటే ఉండిపోయింది.

పెయింటు పోయింది. కర్ర నల్లబడింది. గోటితో గీరితే పీచు లేచింది. గుడి కమిటీ పెద్ద వచ్చి చూశాడు. "ఊరేగింపుల ఇరిగితే స్వామి కిందవడ్తడు దొరా. ఇనుప పైపులు వెట్టి చక్రాల బండి చేపిద్దాం," అన్నాడు. బండికి ఎవరి భుజమూ అక్కర్లేదు. కర్ర గట్టిగానే ఉందని పరీక్ష చేసినవాళ్ల చేత రాయించి తెస్తే పాత కర్రకే ఒప్పుకుంటామన్నారు కమిటీవాళ్లు. ఉత్సవానికి పది రోజులుంది. ఇలాంటి పరీక్షలు నాచారం పారిశ్రామికవాడలో చేస్తారని తెలిసి బయలుదేరాను.

కర్రను రైలు అత్యవసర కిటికీలోంచి లోపలికి తోసి, నడవాలో పొడవునా పడుకోబెట్టాం. అందరి పాదాలూ దాని మీదికే వచ్చాయి. "అది స్వామివారి కర్ర, కాళ్లు తీయండి," అన్నాను. ఎదుటి సీటు ఆయన చెప్పులు విడిచి బాసిపట్లు వేశాడు. ఆయన్ని చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి అవతలివాళ్లు. ఘట్‌కేసర్ దాకా సగం పెట్టె భోజనాల పంక్తిలా కూర్చుని ప్రయాణించింది. టికెట్ కలెక్టర్ లగేజీ చీటీ చూసి, కర్రను దాటలేక వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఎనిమిదింపావుకు ఘట్‌కేసర్‌లో దిగి ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాను. పొడుగు సామానుతో వచ్చేవారికి ఇదే మేలు, సిటీ బస్సులో ఎక్కనివ్వరు. డ్రైవర్ పేరు యాదగిరి. బయటికి పొడుచుకొచ్చిన కొసకు ఎర్రగుడ్డ కట్టకపోతే పోలీసు ఆపుతాడన్నాడు. ఎర్రగా ఉన్నది నా పట్టు కండువా ఒక్కటే. ఇచ్చేశాను. మేడిపల్లి దాటేసరికి అది మా వెనక జెండాలా ఎగురుతోంది.

ఉప్పల్ చౌరస్తాలో ఆగి ఇడ్లీ తిన్నాం. నిన్నటి బంద్ వల్ల ఇవాళ రోడ్డంతా జనమే. యాదగిరి నా ఊరు అడిగి, విని, చట్నీ ఇంకొంచెం వేయించుకున్నాడు.

"మా తాత మీ తాత మేనా మోసిండు దొరా."

నేను ఇడ్లీ ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను.

"నేను మీ కర్రను మోస్తున్న. జర తేలికైంది," అన్నాడు. నాకు పొలమారింది.

నాచారంలో మేం చేరింది ప్యాకింగ్ పెట్టెల చెక్కను పరీక్షించే చిన్న షెడ్డు. చూసేది మెర్సీ అనే ఇంజనీరు. ముప్పై ఏళ్లుంటాయి. కర్రను గీరి చూసి పెదవి విరిచింది.

"కాస్టిక్ ఒక్క రంగునే తినదు సర్. కట్టెల పీచును పట్టి ఉంచే జిగురుంటది, దాన్ని గూడ తింటది. చెదలు రాకుండ బోరాక్సు పట్టిస్తే బలం పెద్దగ తగ్గదు. గిట్ల ఘాటు కాస్టిక్‌ల నానబెడ్తే తగ్గుతది. ఎంత లోతు దిగిందో సూడాలె. ఒక ముక్క కోసియ్యున్రి."

ఎవరు అడిగినా ఉన్నవాటిలో మేలైనది ఇవ్వడం మా ఇంటి అలవాటు. ఇత్తడి తొడుగు ఊడదీసి, దాని కింది నిగనిగలాడే కొస నుంచి అడుగున్నర కోయించి ఇచ్చాను. మిషన్ దాన్ని నడుమ నొక్కింది. చాలాసేపు వంగి, చివరికి కొబ్బరి పీచులా పొడవుగా చీలింది. "మస్తు బలముంది సర్," అని మెర్సీ కాగితం మీద రాసి సంతకం పెట్టింది. నేను తొడుగు మళ్లీ బిగిస్తుంటే మామూలుగా అడిగింది.

"తొడుగుతోనే నానబెట్టిన్రా?"

అవునంటే అయిపోయేది. సంతకం పెట్టిన కాగితం బల్ల మీదే ఉంది. స్వామి బరువూ, మోసేవాళ్ల మెడలూ గుర్తొచ్చాయి.

"ఆ కొస తొట్టిలో మునగలేదమ్మా," అన్నాను.

ఆమె కాగితాన్ని నాలుగుగా చింపింది. ఈసారి నానిన కొసను కోసి, పైపొర నుంచి ఒక ముక్క, నడిగర్భం నుంచి ఒక ముక్క తీసింది. పైపొర ముక్క అసలు వంగలేదు. బిస్కెట్‌లా ఫట్‌మంది. నడిగర్భం ముక్క మొదటిదానిలాగే మొండికేసింది.

"అర అంగుళం దాకనే చెడ్డది. చుట్టూ చిత్రిక పట్టిస్తే లోపలిది మంచిది. కానీ కర్ర సన్నగైతది. మోస్తదా అంటే ఎక్కించి సూడాలె."

షెడ్డు వడ్రంగి మధ్యాహ్నం రెండింటి దాకా చిత్రిక పట్టాడు. మా ముత్తాత కర్ర పదకొండు అడుగులై, సన్నబడి, పసుపు రాసుకున్నట్టు బయటపడింది. రెండు దిమ్మెల మీద పెట్టి, నడుమ కింద వంపు చూపే సూది అమర్చారు. పల్లకి, స్వామి కలిసి ఎంతుంటారో చెబితే, దానికి రెండింతలు కావాలంది మెర్సీ. తూకపు రాళ్లు చాలలేదు.

"మనుషుల్ని ఎక్కించున్రి," అన్నాడు యాదగిరి.

భోజనం ముగించుకున్న కూలీలు ఒక్కొక్కరే వచ్చి కర్ర మీద కూర్చున్నారు. ఆరుగురు. ఏడుగురు. "అరే మల్లేశన్నా, నువ్వొక్కనివే ఇద్దరు లెక్క," అని నవ్వారు. యాదగిరి ఎనిమిదోవాడు. కర్ర కిర్రుమంది.

"ఇంకొక్కరు," అంది మెర్సీ.

షెడ్డులో మిగిలింది నేనే. పంచె ఎగ్గట్టి మల్లేశానికీ యాదగిరికీ మధ్య ఎక్కాను. కాళ్లు నేలను విడిచాయి. తొమ్మిది మందిమి చెరువుగట్టు మీద కొంగల్లా ఉన్నాం. యాదగిరికి నవ్వొచ్చి కర్ర ఊగింది. ఊగేసరికి నాకూ నవ్వొచ్చింది. ఆపుకుందామని నడుం నిటారుగా పెడితే ఇంకా ఊగింది. "కదలకున్రి సర్," అంటూ మెర్సీ కూడా నవ్వుతోంది.

అందరం దిగాం. సూది మెల్లగా వెనక్కి జరిగి, వణికి, సున్నా మీద నిలిచింది. అదే కావాలట. వంగిన కర్ర పూర్తిగా తిరిగొస్తే గట్టిదే.

మెర్సీ రాసిచ్చిన రెండో కాగితం జేబులో పెట్టుకుని అయిదింటికి ఘట్‌కేసర్ చేరాను. స్టేషన్ వంతెన మెట్ల దగ్గర యాదగిరి గబుక్కున ముందు కొస ఎత్తుకుని, ఆగి వెనక్కి చూశాడు.

"ముందుది మీది గద దొరా?"

"అది ఉత్సవం నాటి మాట. ఇప్పుడు నడువు," అని వెనక కొస అందుకున్నాను. వెనక ఉన్నవాడి మీదే మెట్ల బరువంతా పడుతుందని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. కండువా తిరిగిస్తూ, ఉత్సవానికి తానూ వస్తానన్నాడు యాదగిరి.

సాయంత్రం పాసింజరు కిక్కిరిసి ఉంది. కర్రను మళ్లీ నడవాలోనే పడుకోబెట్టాం. ఖాళీ కూరగాయల గంపతో ఒక ముసలమ్మ నిలబడలేక దాని వైపు చూసింది.

"స్వామిదా బిడ్డా? కాలు తగుల్తదేమో."

"కూర్చో అవ్వా. మధ్యాహ్నం తొమ్మిది మందిని మోసింది."

ఆమె కర్రకు దండం పెట్టుకుని కూర్చుంది. ఆలేరు దాకా నిలబడే చూశాను. తర్వాత నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. నా కింద కర్ర కిర్రుమనలేదు.