నా చేతిలోంచి తిన్న ఆవిడ

తెలంగాణ రాకముందు మాట. రామగుండంలో రైలెక్కేటప్పటికి నా వేళ్ల కణుపులు వాచి ఏడాదైంది. డాక్టరు కీళ్లవాతమని మందులిచ్చాడు. అది అంటుకుంటుందని కాలనీలో ఎవరో అన్నారు. డాక్టరును అడగాలంటే భయమేసి, ఎనిమిది నెలల పాపను ఎత్తుకోవడమే మానేశాను.

ఎదుటి సీటులో ఒకావిడ కమలాపండు ఒలుస్తోంది. ఒంట్లో వాపు ఎందుకొస్తుందో పరిశోధన చేస్తానని మాటల్లో చెప్పింది. ధైర్యం చేసి చేతులు చూపించాను.

"కీళ్లవాతమట. పాపకు అంటుకుంటదా అక్కా?"

"అంటదు. మన ఒంట్ల కాపలా కాసే కణాలుంటయి. క్రిములొస్తే ఒకదానికొకటి కబురు పంపుకుంటయి. నీ ఒంట్ల క్రిములు లేకున్నా పంపుకుంటున్నయి, అందుకే ఈ వాపు. ఆ కబురు నీ ఒళ్లు దాటి పోదు."

ఆవిడ నా అరచేతిలో నాలుగు తొనలు పెట్టి, అందులోంచే ఒకటి తీసుకుని తిన్నది.

పక్కన పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మా ఆయన వైపు, ఇమ్మని చేతులు చాపాను.

"నేనెన్నడన్న వద్దన్ననా?" అంటూ ఇచ్చాడు.

పెద్దపల్లి రాకముందే పాప నా భుజం మీద నిద్రపోయింది. కాజీపేటలో ఆవిడ దిగిపోయింది. వేళ్లు సలుపుతున్నా సికింద్రాబాద్ దాకా నేను పాపను దించలేదు.