ఎనిమిది కిలోమీటర్లు తగ్గించిన నా దారి

కాలేజీలో ఆపరేషన్స్ రీసెర్చ్, అంటే తక్కువ ఖర్చుతో పని అయ్యేలా లెక్కగట్టే పాఠం చెప్తాను. చిత్తూరు దగ్గర ఒక పాల వ్యానుకు ఎనిమిది కిలోమీటర్లు తగ్గేలా లెక్కగట్టి, కొత్త దారి గీసిచ్చాను. ఈ రోజు గొప్పగా డ్రైవర్ మునిరత్నం పక్కనే కూర్చుని బయల్దేరాను. పాత దారిలో ఆఖరున వచ్చే ఊరు నా దారిలో మొదట వచ్చింది. అక్కడ పాలకేంద్రం దగ్గర ఒక్కరూ లేరు.

"ఈ ఊర్లో ఆడోళ్లు మల్లెపూలు కోసి బస్సుకేసినాకే పాలు పితికేది సార్," అన్నాడు మునిరత్నం.

"ముందే చెప్పొచ్చు కదా?"

"మీరు రోడ్డంతా కొలిచినారు గానీ, నన్నొక మాట అడగలేదు గదా సార్."

ఆ పాల కోసం మళ్లీ వెనక్కి రావడంతో పాత దారి కంటే పన్నెండు కిలోమీటర్లు ఎక్కువే తిరిగాం. దారి పొడవునా అతని వైపు చూడలేకపోయాను. "లెక్క మొదలుపెట్టే ముందు షరతులన్నీ కనుక్కోండి" అని రేపు మొదటి పీరియడ్‌లో పిల్లలకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలో మీరే చెప్పండి.