పోతమ్మ గొంతుకి కట్టిన తీగలు

జగ్గయ్యకి సముద్రం పడదు. జాలరిపేటలో పుట్టినవాడు ఇంతకంటే సిగ్గుచేటు మాట ఇంకోటి చెప్పుకోలేడు గానీ, ఉన్నమాట అదే. తెప్ప ఎక్కిన ప్రతిసారీ కడుపులో ఉన్నదంతా కక్కేవాడు. నాలుగోసారి అన్న ఎల్లారావు విసిగిపోయి ఒడ్డున దింపేశాడు.

"పోర్టులో కళాసీగా సేరిపోరా బాబూ. సేపలకి నీ వాంతులు మేపలేను."

పేటంతా ఆ మాట పట్టుకుని ఏడాదిపాటు నవ్వింది. నవ్వనిది ఒక్క పోతమ్మే. ఎల్లారావు భార్య, జగ్గయ్యకి వదిన. "ఆడి కడుపు ఆడిట్టం. మీకేటి నొప్పి?" అని వీధిలోకొచ్చి నలుగురినీ దులిపేసింది. తల్లి లేని మరిదికి ముద్ద కలిపి పెట్టిన చెయ్యి ఆమెది. జగ్గయ్య పోర్టులో చేరి, ఓడలకి తాళ్లు కట్టుకుంటూ విప్పుకుంటూ మనిషయ్యాడు.

పోతమ్మ పాటకి పేటలో పేరుంది. వాళ్లింట్లో ఒక ఆచారముంది. కొత్త నావ మొదటిసారి నీళ్లలోకి దిగేముందు పెద్ద కోడలు ఇసుకలో నిలబడి గంగమ్మని పాటతో పిలవాలి. పెళ్లయి వచ్చినప్పటినుంచీ ఆ పాట పోతమ్మదే. ఆమె ఎత్తుకుంటే గాలిలో కూడా రెండు వీధుల అవతలికి వినపడేది.

పంతొమ్మిదివందల ఎనభైలో ఆమె గొంతులో కాయ పుట్టింది. ఆపరేషన్ చేసి తీశారు. ప్రాణం నిలబడింది, అది తక్కువ సంగతేం కాదు. కానీ గొంతు దిగిపోయింది. బొంగురుగా, బరువుగా, మగవాడు మాట్లాడినట్టు. చేపల గంప ముందు కూర్చుని కేకలు వేసే మనిషి, చేత్తో చూపించి ఊరుకోవడం మొదలుపెట్టింది.

మరుసటేడు ఎల్లారావు కొత్త నావ తయారైంది. దింపడానికి ముహూర్తం పదిహేను రోజులుంది. పోతమ్మ ఒకే మాట అంది.

"నాను పాడను. మగోడి గొంతేసుకుని గంగమ్మని పిలుత్తానేటి? తవిటమ్మని పిలుసుకోండి."

తవిటమ్మ పక్కింటామె. గొంతు బాగానే ఉంటుంది. పోతమ్మ పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. ఆ పాట ఒకసారి చేతులు మారితే మళ్లీ రాదని ఆమెకి తెలుసు. జగ్గయ్యకీ తెలుసు.

అతనికి అర్థమైంది ఇంకోటుంది. గొంతు పోలేదు, దిగిందంతే. దిగినచోట మొదలెడితే పాట వస్తుంది. కానీ ఆమెకి ఇన్నేళ్ల అలవాటు. నోరు తెరిస్తే పాత ఎత్తుకే పోతుంది, అక్కడికి అందక పగిలిపోతుంది. ఎక్కడ మొదలెట్టాలో ఎవరో ఒకరు పక్కనుండి చూపించాలి.

చూపించడానికి అతని దగ్గర ఒక వస్తువుంది. ఆ వేసవిలోనే ఒక ఓడమీది ఫిలిప్పీన్స్ నావికుడు ఇచ్చిపోయాడు. ఉకులేలే. బుల్లి గిటారు లాంటిది, నాలుగే తీగలు. అవీ తెగిపోయి ఉన్నాయి. దాన్ని చంకన పెట్టుకుని గేటు దాటుతుంటే, ఆ పేరు విన్న తోటి కళాసీలు ఊరుకుంటారా!

"ఏటి బావా, ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కట్టనేదు గదా, అప్పుడే సరుకొచ్చీసిందా?"

నావికుడు సిగరెట్టు పెట్టె మీద బొమ్మ గీసి మరీ చూపించాడు, ఏ తీగ ఎక్కడ కట్టాలో. అటు చివరా ఇటు చివరా సన్నవి, మధ్యలో లావువి. జగ్గయ్య చూసి, వీడు తాగి గీశాడనుకున్నాడు. ఇంట్లో గేలాల పెట్టెలో నైలాన్ దారాలు ఎలా సర్దుతారు? సొరచేపకి లావుది, తర్వాత వంజరానిది, ఆ తర్వాత చిన్నచేపలు, కానాగంతలది. వరసంటే అదీ. అందుకని పైన సొర దారం కట్టి, కిందికి వచ్చేకొద్దీ సన్నవి కట్టాడు.

పొద్దున్న బిగిస్తే మధ్యాహ్నానికి తీగలన్నీ జారిపోయేవి. తీగలు చుట్టే మేకులు వదులయ్యాయని రెండు రోజులు వాటితో కుస్తీ పట్టాడు. తర్వాత తన తల తనే కొట్టుకున్నాడు. కొత్త దారాన్ని ఎవడైనా సాగదియ్యకుండా గేలానికి కడతాడా? తీగలన్నీ ఊడదీసి సరుగుడు చెట్టుకి కట్టి, కింద సీసపు గుళ్లు వేలాడదీశాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ కడితే కదలకుండా నిలబడ్డాయి.

శ్రుతి చేయించుకుందామని టౌన్లో ద్వారకా నగర్ వెళ్లాడు. అక్కడ భీమశంకరరావు గారని హార్మోనియాలు బాగుచేసే ఆయనున్నారు. ఆయన ఒక్కసారి మీటి పకపకా నవ్వారు.

"ఎవడయ్యా కట్టింది? ఈ పైనున్న నాలుగోది సన్నగా ఉండి పై శ్రుతిలో పలకాలి. నువ్వు దీనికి సొరచేపని కట్టావు."

నావికుడు తాగి గీయలేదన్నమాట. ఆయనే ఆ లావు దారం తీసేసి ఒక సన్న గిటారు తీగ వేసిచ్చారు. మీటితే గజ్జెలు మోగినట్టుంది. జగ్గయ్య సంబరంగా ఇంటికొచ్చి వదిన ముందు వాయించాడు. పోతమ్మ విని, గొంతు సవరించుకుని, ఆ తీగతోపాటే పైకి ఎత్తుకుంది. మొదటి మాటకే గొంతు చీలిపోయింది. వీధిలో ఎవరో నవ్వారు. ఆమెని చూసి నవ్వారో లేదో తెలీదు.

"ఎలిపో జగ్గా. నన్నింక నవ్వులపాలు సెయ్యకు."

ముహూర్తం నాలుగు రోజులుంది. వదినని పాత ఎత్తుకి లాగింది ఆ సన్న తీగేనని జగ్గయ్య దాన్ని పీకేసి సొర దారం మళ్లీ వేశాడు. అన్ని తీగలూ వదులు చేశాడు. మరీ వదులైతే చెక్కకి తగిలి టపటపలాడుతున్నాయి. సరే అని కానాగంతల దారమున్న చోట వంజరానిది, వంజరానిదున్న చోట సొరది, సొరదున్న చోట దానికంటే లావుది వేశాడు. గాడిలో పట్టకపోతే కత్తితో చెక్కాడు. శాస్త్రం తెలిసినవాడు చూస్తే చెంప పగలగొట్టును.

ఆదివారం మధ్యాహ్నం పోతమ్మ వాకిట్లో చేపలకి పొలుసు తీస్తోంది. జగ్గయ్య గుమ్మంలో కూర్చున్నాడు. పాడమని అడగలేదు. ఆ లావు తీగ ఒక్కటే మీటాడు. మేకు కొంచెం తిప్పి మళ్లీ మీటాడు. ఇంకొంచెం దించి, మళ్లీ.

"ఏటా గోల?" అంది తలెత్తకుండానే.

"తీగ సూత్తన్నాను వదినా. నీ పని నువ్వు సూసుకో."

కాసేపటికి ఆమె ముక్కులోంచి మెల్లగా రాగం వచ్చింది, తనకే తెలియకుండా. తీగ ఇంకొంచెం దిగింది. ఒకచోట తీగా గొంతూ కలిసిపోయాయి, ఏది ఏదో తెలీనంతగా. పోతమ్మ చేతిలో కత్తి ఆగింది.

"అదే. అక్కడుంచు. కదపకు."

జగ్గయ్య మేకు మీంచి చెయ్యి తీసేసి అదే తీగ మళ్లీ మళ్లీ మీటాడు. ఆమె పాట మొదటి చరణం చివరిదాకా పాడింది. ఎక్కడా పగల్లేదు.

మర్నాడు భీమశంకరరావు గారికి చెబితే, ఆయన తీగల్ని చూసి నొసలు చిట్లించి, "వాయిద్యం తప్పు, గొంతు ఒప్పు. పోనీయ్" అన్నారు.

ముహూర్తం నాటి పొద్దున పేటంతా ఒడ్డున ఉంది. తవిటమ్మ తలస్నానం చేసి పూలు పెట్టుకుని వచ్చింది, ఎందుకైనా మంచిదని. గాలి విపరీతంగా వీస్తోంది. జగ్గయ్య తీగ మీటితే అతనికే వినపడలేదు. ఇన్ని తిప్పలూ పడి గాలి సంగతి మర్చిపోయాడు.

పోతమ్మ మాత్రం కంగారు పడలేదు. దగ్గరికొచ్చి, వంగి, చెక్కకి చెవి ఆనించింది.

"ఊఁ, మీటు."

మీటాడు. ఆమె లేచి సముద్రం వైపు తిరిగి పాట ఎత్తుకుంది. కింద నుంచి, నిదానంగా, అల ఒడ్డుకి రాకముందు లోపల మోగే మోతలాగా. ఎల్లారావు నావ పక్కన నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. రెండో చరణానికి ఆడవాళ్లు వంత కలిపారు. అలవాటు కొద్దీ పాత ఎత్తుకి పోయారు. పాట రెండు ముక్కలయింది. పోతమ్మ ఠక్కున ఆపి వెనక్కి తిరిగింది. జగ్గయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఏటే, ఎక్కడికి ఎగిరిపోతన్నారు? కిందకి దిగండి. నానిక్కడున్నాను."

అందరికంటే ముందు తవిటమ్మే నవ్వుతూ గొంతు దించింది. తర్వాత మిగతావాళ్లు. జగ్గయ్య మీటడం ఆపి ఉన్నచోటే ఇసుకలో కూర్చున్నాడు, ఎక్కడ మొదలెట్టాలో వదినకి ఇక చూపించే అవసరం లేక.